లాంగ్ స్ట్రోక్ అయితేనే కింద పుల్లింగ్ ఉంటుందా?

చరణ్_మియాపూర్
అందరికీ నమస్కారం. నాది 2014 రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, కార్బ్యురేటర్ బండి. పోయిన ఆదివారం మా ఫ్రెండ్ కొత్తగా తీసుకున్న స్పోర్ట్స్ సింగిల్ (ఒకే సిలిండర్ ఉన్న స్పోర్ట్స్ బండి) నడిపాను. కాగితం మీద దాని టార్క్ (ఇంజన్ తిప్పే బలం) నా బండి కంటే దాదాపు పది న్యూటన్ మీటర్లు ఎక్కువ. కానీ మియాపూర్ నుంచి కూకట్‌పల్లి దాకా ట్రాఫిక్‌లో నాకు చుక్కలు కనిపించాయి. మూడో గేరులో పాతిక స్పీడులో వెళ్తూ కాస్త రేజ్ ఇస్తే గుంజుతుంది, ఆగుతుంది, మళ్లీ గుంజుతుంది. గేరు దించక తప్పలేదు. అదే స్పీడులో, అదే గేరులో నా బండి ఏ గొడవా లేకుండా ఎత్తుకుంటుంది. పటాన్‌చెరు దాటి హైవే ఎక్కాక మాత్రం సీన్ రివర్స్. ఆర్పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) ముల్లు ఆరు వేలు దాటగానే వెనక నుంచి ఎవరో తోసినట్టు పోయింది. నా బండి ఆ పని ఎప్పుడూ చేయలేదు.

టార్క్ ఎక్కువున్న బండి కింద, అంటే తక్కువ ఆర్పీఎంలో, ఎందుకు లాగదు? ఎవరినడిగినా "లాంగ్ స్ట్రోక్, అంతే" అంటున్నారు. స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) పొడుగుకీ పుల్లింగ్‌కీ సంబంధం ఏంటో ఎవరైనా విడమరిచి చెప్పండి.

గేరుబండి
ఇందులో పెద్ద విషయం లేదు బ్రో. స్ట్రోక్ పెరిగితే క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చేయి పొడుగవుతుంది. గడ్డపార పొడుగైతే రాయి తేలిగ్గా లేస్తుందా లేదా? నీ బండి స్ట్రోక్ 90 మిల్లీమీటర్లు. ఆ టైపు స్పోర్ట్స్ బండ్లకి అరవై చిల్లర. అంతే తేడా.

మాస్టారు_కాకినాడ
చరణ్, ఈ ప్రశ్న మా పిల్లలు ప్రతి సంవత్సరం అడుగుతారు. గేరుబండి చెప్పిన గడ్డపార లెక్కలో సగమే నిజం. గడ్డపార పొడుగుతోపాటు దాని చివర ఎంత బలంగా నొక్కుతున్నామో కూడా చూడాలి. ఆ బలం వచ్చేది పిస్టన్ తల మీద పడే ఒత్తిడి నుంచి. బోర్ (సిలిండర్ వెడల్పు) పెరిగితే తల వైశాల్యం పెరుగుతుంది, బలమూ పెరుగుతుంది.

అందరికీ తెలిసిన రెండు ఇంజన్లు తీసుకుందాం. 2021లో వచ్చిన కొత్త క్లాసిక్ 350 బోర్ 72, స్ట్రోక్ 85.8. పాత 373 సీసీ కేటీఎం డ్యూక్ 390 బోర్ 89, స్ట్రోక్ 60. స్ట్రోక్‌లో సగమే క్రాంకు చేయి.

క్లాసిక్ పిస్టన్ తల 40.7 చదరపు సెంటీమీటర్లు, చేయి 42.9 మిల్లీమీటర్లు. గుణిస్తే 1746.
డ్యూక్ పిస్టన్ తల 62.2, చేయి 30. గుణిస్తే 1866.

ఇప్పుడు సీసీలు చూడండి, 349కి 373. రెంటి నిష్పత్తీ ఒకటే. చేయి పొట్టిదైనంత మేరా తల వెడల్పయింది. సిలిండర్‌లో ఒకే ఒత్తిడి ఉంటే వచ్చే టార్క్ సీసీల మీద ఆధారపడుతుంది, స్ట్రోక్ మీద కాదు. నాకు ఇది చాలా ముఖ్యమైన విషయం. ఇది పట్టుకోకపోతే తర్వాతి చర్చంతా దారి తప్పుతుంది.

గేరుబండి
లెక్క ఒప్పుకుంటా మాస్టారూ. కానీ రోడ్డు మీద కనిపించేది వేరు. హోండా హైనెస్ సీబీ350 చూడండి. స్ట్రోక్ 90.5, టార్క్ 30 న్యూటన్ మీటర్లు, అదీ 3000 ఆర్పీఎంకే. మీరు చెప్పిన కొత్త క్లాసిక్ స్ట్రోక్ 85.8, టార్క్ 27, 4000 దగ్గర. స్ట్రోక్ పెరిగింది, టార్క్ పెరిగింది, కిందకీ దిగింది. ఇంకేం కావాలి?

మాస్టారు_కాకినాడ
మంచి ఉదాహరణే ఇచ్చారు. దాని పక్కన చరణ్ బండినే పెట్టి చూద్దాం. అందులో ఉన్న పాత ఇంజన్‌ని యూసీఈ అంటారు, దాని బోర్ 70, స్ట్రోక్ 90. హైనెస్ బోర్ 70, స్ట్రోక్ 90.5. రెండు సిలిండర్లూ కవల పిల్లల్లాంటివి. కానీ యూసీఈ 28 న్యూటన్ మీటర్లు 4000 దగ్గర ఇస్తే హైనెస్ 30 ఇచ్చేది 3000 దగ్గర. టార్క్ ఎక్కడ రావాలో నిర్ణయించేది స్ట్రోకే అయితే ఈ రెండూ ఒకేచోట ఇవ్వాలి కదా? మధ్యలో వెయ్యి ఆర్పీఎం తేడా ఎక్కడిది?

గేరుబండి
...దీనికి నా దగ్గర జవాబు లేదు. చెప్పండి మాస్టారూ.

పుణె_టెస్ట్‌బెడ్
మాస్టారు గారికి అభ్యంతరం లేకపోతే ఇక్కడి నుంచి నేను అందుకుంటాను. ఇంజన్లు డైనమోమీటర్‌కి (టార్క్ కొలిచే యంత్రానికి) బిగించి, ఏ ఆర్పీఎంలో ఎంత టార్క్ వస్తుందో చూపే గీతలు రోజంతా గీసే ఉద్యోగం నాది.

జవాబు ఊపిరిలో ఉంది. టార్క్ అంటే ఒక్కో చుట్టుకి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్లిందన్నదే. గాలి ఎంత వెళ్తే అంత పెట్రోలు కాలుతుంది. ఇప్పుడు టైము చూడండి. 4000 ఆర్పీఎం దగ్గర పిస్టన్ పైనుంచి కిందకి దిగడానికి పట్టేది 7.5 మిల్లీసెకండ్లు. 9000 దగ్గర 3.3 మాత్రమే. సన్న మూతి బిందెని చెరువులో ముంచి వెంటనే లాగేస్తే సగమే నిండుతుంది. చిన్న వాల్వులు (గాలి వచ్చే తలుపులు) ఉన్న ఇంజన్‌ని పై ఆర్పీఎంలో తిప్పితే అదే జరుగుతుంది. బోర్ పెద్దదైతే హెడ్‌లో (సిలిండర్ పై మూతలో) చోటు ఎక్కువ, నాలుగు పెద్ద వాల్వులు పెట్టొచ్చు. షార్ట్ స్ట్రోక్ వల్ల నిజంగా ఒరిగే లాభాల్లో ఒకటి ఇది.

రెండోది పిస్టన్ వేగం. కొత్త క్లాసిక్ పూర్తి పవర్ 6100 దగ్గర ఇస్తుంది. అప్పుడు పిస్టన్ సగటు వేగం సెకనుకి 17.4 మీటర్లు. డ్యూక్ 9000 దగ్గర ఇస్తుంది, పిస్టన్ వేగం 18 మీటర్లు. చూశారా, రెండు పిస్టన్లూ దాదాపు ఒకే పరుగులో ఉన్నాయి. ఒకటి పొడుగు అంగలు వేస్తోంది, ఇంకోటి పొట్టి అంగలు గబగబా వేస్తోంది. స్ట్రోక్ చేసే పని ఇదీ. ఇంజన్ పైన ఎంతదాకా తిరగగలదో హద్దు గీస్తుంది. కింద పుల్లింగ్ అది పుట్టించదు.

ఇక స్పోర్ట్స్ ఇంజన్ కింద ఎందుకు ఆయాసపడుతుందంటే క్యామ్ (వాల్వుల్ని తెరిచి మూసే భాగం) వల్ల. గాలికీ బరువుంది, ఊపు ఉంది. పై ఆర్పీఎంలో పిస్టన్ కిందకి చేరి మళ్లీ పైకి మొదలెట్టినా, ఇన్‌టేక్ పైపులో (గాలి లోపలికి వచ్చే గొట్టంలో) గాలి ఆ ఊపుతో ఇంకా లోపలికి వస్తూనే ఉంటుంది. అందుకే స్పోర్ట్స్ ఇంజన్ క్యామ్‌ని ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసేలా చెక్కుతారు. అదే క్యామ్‌తో 2500 దగ్గర తిప్పితే గాలికి ఆ ఊపు ఉండదు. వాల్వు ఇంకా తెరిచే ఉంది, పిస్టన్ పైకి వస్తోంది, వచ్చిన గాలిని వచ్చిన దారినే బయటికి తోసేస్తుంది. ఆ చుట్టుకి అంత టార్క్ పోయినట్టే. కవలల్లాంటి ఆ రెండు సిలిండర్లనీ వెయ్యి ఆర్పీఎం దూరం పెట్టగలిగేది ఇలాంటి సంగతులే. క్యామ్, పోర్టులు (గాలీ పొగా వెళ్లే దారులు), ఇన్‌టేక్ పైపు పొడుగు, సైలెన్సర్.

చరణ్_మియాపూర్
అన్నా, ఇన్‌టేక్ పైపు పొడుగుకి కూడా సంబంధం ఉందా? అది వట్టి గొట్టమే కదా?

పుణె_టెస్ట్‌బెడ్
ఉంది చరణ్, నా పనిలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. వాల్వు తెరుచుకోగానే పైపులో ఒక ఒత్తిడి తరంగం పుడుతుంది. ధ్వని వేగంతో ఎయిర్‌బాక్స్ చివరి దాకా వెళ్లి, తిరగబడి వస్తుంది. పైపు 30 సెంటీమీటర్లయితే పోయి రావడానికి సుమారు 1.7 మిల్లీసెకండ్లు. 6000 ఆర్పీఎం దగ్గర ఆ లోపు క్రాంకు 60 డిగ్రీల పైచిలుకు తిరిగిపోతుంది. తిరిగొచ్చిన ఆ తరంగం వాల్వు మూసుకునే ముందు అందితే కాస్త గాలిని లోపలికి కూరుతుంది. పొడుగు పైపుకి ఈ సమయం కింది ఆర్పీఎంలో కుదురుతుంది, పొట్టి పైపుకి పై ఆర్పీఎంలో. టెస్ట్‌బెడ్ మీద ఒకే ఇంజన్‌కి రెండు పైపులు మార్చి మార్చి పెడితే గీతలో మూపురం కళ్లముందే ఎడమకీ కుడికీ జరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

ఒకే క్యామ్‌తో రెండు పనులూ కావు కాబట్టే రెండు క్యామ్‌లు పెట్టారు. యమహా ఆర్15 మూడో వెర్షన్ నుంచి ఉన్న వీవీఏ (వాల్వులు తెరుచుకునే తీరు మార్చే ఏర్పాటు) చేసేది అదే. 7400 ఆర్పీఎం దగ్గర ఇన్‌టేక్ వాల్వు ఇంకో క్యామ్ మొనకి మారుతుంది.

ఆటోనగర్_బాషా
మాస్టారికీ పుణె తమ్ముడికీ సలాం. మీరు లెక్కల్లో చెప్పింది నేను ఆకురాయితో నేర్చుకున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో నాకు ముప్పై ఏళ్ల అనుభవం.

ఆర్‌ఎక్స్ 100 సంగతి చెప్తా. 98 సీసీ, టూ స్ట్రోక్, 11 గుర్రాలు 7500 దగ్గర. అందులో క్యామూ, అది తెరిచే వాల్వులూ ఉండవు. ఇన్‌టేక్ దగ్గర ఒక రీడ్ వాల్వు తప్ప మిగతా అంతా సిలిండర్ గోడకి ఉన్న కిటికీలే. నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఒకతను వచ్చి రేసు పికప్ కావాలన్నాడు. సిలిండర్ విప్పి ఎగ్జాస్ట్ పోర్టు (పొగ బయటికి పోయే కిటికీ) పై అంచుని ఒకటిన్నర మిల్లీమీటర్ అరగదీశా. గోరంత కూడా కాదు అది. బండి బిగించి బందరు రోడ్డు మీద తిప్పితే పైన ఈల వేసుకుంటూ పోయింది. అతను సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లాడు. మూడో రోజు వచ్చాడు. భార్యని ఎక్కించుకుని దుర్గమ్మ గుడి ఘాట్ ఎక్కుతుంటే మొదటి గేరులో కూడా బండి చచ్చిపోతోందట. కింద ఉన్న పుల్లింగ్ అంతా నేను అరగదీసి పడేశాను. తీసిన ఇనుము మళ్లీ అతికించలేం కదా. నా డబ్బులతో సెకండ్‌హ్యాండ్ సిలిండర్ తెచ్చి బోర్ చేయించి ఇచ్చా.

అప్పటి నుంచి బండి ఏ పనికి వాడతారో అడగందే హెడ్డు విప్పను.

పుణె_టెస్ట్‌బెడ్
బాషా అన్నా, ఈ ఒకటిన్నర మిల్లీమీటర్ కథ మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి చెప్తాను. పోర్టు ముందే తెరుచుకుంటే కింది ఆర్పీఎంలో మంట ఒత్తిడి పని పూర్తి చేయకముందే బయటికి పోతుంది. మూసుకోవడం కూడా ఆలస్యమవుతుంది కాబట్టి కొత్త పెట్రోలు-గాలి మిక్చర్ కూడా పోతుంది. పైన మాత్రం సైలెన్సర్ పొట్ట నుంచి తిరిగొచ్చే తరంగం ఆ మిక్చర్‌ని వెనక్కి తోసి కాపాడుతుంది. అందుకే పైన ఈల, కింద చావు.

స్వాతి_తిరుపతి
బైకుల మధ్యలో కారు తెస్తున్నాను, ఏమీ అనుకోకండి. మాది డీజిల్ హ్యాచ్‌బ్యాక్. వారానికోసారైనా కొండ ఎక్కుతాం. రెండో ఘాట్ రోడ్డులో మలుపు దగ్గర వేగం తగ్గి రెండో గేరులో ముల్లు 1400కి పడితే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా ఏమీ జరగదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాక ఒక్కసారిగా దూకుతుంది. ఇది కూడా క్యామ్ వల్లేనా?

మాస్టారు_కాకినాడ
కాదమ్మా, ఇది టర్బో వల్ల. పొగ వేగంతో తిరిగే ఫ్యాను గాలిని కూరుతుంది. పొగ తక్కువైతే ఫ్యాను తిరగదు, ఫ్యాను తిరగకపోతే గాలి తక్కువ, గాలి తక్కువైతే పొగ తక్కువ. ఈ చక్రం నుంచి బయటపడడానికే ఆ రెండు మూడు సెకన్లు.

మన రోడ్ల మీద బాగా తిరిగిన 1.3 మల్టీజెట్ ఇంజన్‌లో ఇది స్పష్టంగా చూడొచ్చు. 1248 సీసీ, బోర్ 69.6, స్ట్రోక్ 82. ఇదే సిలిండర్‌కి మామూలు టర్బో పెట్టిన 75 పీఎస్ (గుర్రపు శక్తి) రకం 190 న్యూటన్ మీటర్లు 2000 దగ్గర ఇస్తుంది. రెక్కల కోణం మార్చుకునే టర్బో పెట్టిన 90 పీఎస్ రకం 200 ఇస్తుంది, 1750 దగ్గరే. పొగ తక్కువ ఉన్నప్పుడు ఆ రెక్కలు దారిని ఇరుకు చేసి వేగం పెంచుతాయి. గేరుబండి గారూ, ఇక్కడ కూడా స్ట్రోక్ మారలేదు గమనించండి.

మీకు నా సలహా ఒకటే. మలుపు తిరిగాక కాదు, మలుపుకి ముందే మొదటి గేరుకి దించండి. ముల్లు 2000 కిందకి పోనివ్వకండి.

నల్లరేగడి_రైతు
అయ్యా, మాది నంద్యాల దగ్గర. మోటార్ సైకిళ్ల సంగతి నాకు అంతగా తెలీదు గానీ ట్రాక్టర్ సంగతి చెప్తా. మాది 45 హెచ్‌పీ. ఎండాకాలంలో నల్లరేగడి ఇటుకలా గట్టిపడి ఉంటుంది. మట్టిని తిరగేసే ఎంబీ నాగలి దించి పోతుంటే మడికో చోట గట్టి పొర తగులుతుంది. అప్పుడు ఇంజన్ గొంతు మారుతుంది, ముల్లు రెండు వేల నుంచి పదిహేను వందలకి పడుతుంది, నల్లపొగ ఒక బుస్సు వదులుతుంది. కానీ ఆగదు. కిందకి పోయేకొద్దీ మొండిగా పట్టుకుంటుంది. ఆ పొర దాటగానే మళ్లీ రెండు వేలకి తేరుకుంటుంది. గేరు ముట్టుకునే పని లేదు. మా పక్క చేను వాళ్లది కూడా 45 హెచ్‌పీనే, అది అదే చోట ఆగిపోతుంది. పవర్ ఒకటే అయినప్పుడు ఇదెట్లా?

పుణె_టెస్ట్‌బెడ్
పెద్దాయనా, ఈ చర్చలో అసలైన ప్రశ్న మీరు అడిగారు. దీన్ని మేం టార్క్ బ్యాకప్ అంటాం. 45 హెచ్‌పీ 2000 ఆర్పీఎం దగ్గర అంటే లెక్క ప్రకారం సుమారు 158 న్యూటన్ మీటర్లు. 1400కి పడినప్పుడు 20 శాతం బ్యాకప్ ఉన్న ఇంజన్ 190 ఇస్తుంది. బరువు పెరిగి ఇంజన్ నెమ్మదిస్తే టార్క్ పెరుగుతోంది, అందుకే ఒకచోట నిలదొక్కుకుంటుంది. మీ పక్క చేను ట్రాక్టర్‌కి ఆ బ్యాకప్ తక్కువై ఉండాలి. లేదా పంపు, ఇంజెక్టర్లు అరిగి ఉండాలి.

చరణ్, నీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. టార్క్ గీతలో అత్యధిక టార్క్ ఏ ఆర్పీఎంలో ఉందో, దానికి కుడివైపున (ఎక్కువ ఆర్పీఎంలో) నడిపితే ఇంజన్ ట్రాక్టర్‌లా నిలబడుతుంది. బాగా ఎడమవైపున, గీత ఎక్కుతున్న చోట నడిపితే తిరగబడుతుంది. ఉదాహరణకి ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆర్పీఎం పడింది, పడితే టార్క్ పడింది, టార్క్ పడితే ఆర్పీఎం ఇంకా పడింది. డ్యూక్‌ది 37 న్యూటన్ మీటర్లు అంటే 7000 దగ్గరి మాట. పక్కన ఆర్పీఎం రాయకుండా టార్క్ అంకె చెప్పడం అంటే ఊరు పేరు లేకుండా ఉత్తరం వేయడమే.

చరణ్_మియాపూర్
ఇప్పుడు కొలిక్కి వస్తోంది. ఒక్క డౌటు. టార్క్ తక్కువైతే నెమ్మదిగా లాగాలి. మరి ఆ కుదుపు ఎందుకు?

మాస్టారు_కాకినాడ
మంచి డౌటు. అది టార్క్ కాదు, ఫ్లైవీల్ (క్రాంకుతో తిరిగే బరువైన చక్రం) సంగతి. సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ రెండు చుట్లకి ఒక్కసారే మండుతుంది. 2000 ఆర్పీఎం దగ్గర మంటకీ మంటకీ మధ్య 60 మిల్లీసెకండ్లు. ఆ ఖాళీలో బండిని నడిపేది ఫ్లైవీల్‌లో దాచుకున్న ఊపే. నీ పాత ఇంజన్‌ క్రాంకు బరువైనది, ఆ ఖాళీని పూడుస్తుంది. స్పోర్ట్స్ ఇంజన్‌కి ఆర్పీఎం చకచకా ఎక్కాలి కాబట్టి తేలికైన క్రాంకు పెడతారు. మంటల మధ్యలో అది బాగా నెమ్మదిస్తుంది, చెయిన్ సడలుతుంది, మళ్లీ మంట రాగానే చెయిన్ ఒక్కసారిగా బిగుస్తుంది. నీ వీపుకి తెలిసింది అదే. బరువైన ఫ్లైవీల్ ఒక్క న్యూటన్ మీటర్ కూడా కొత్తగా పుట్టించదు, కానీ ఉన్నదాన్ని సర్దుతుంది. "బుల్లెట్ కింద బాగా లాగుతుంది" అని మనం అనేదాంట్లో చాలా భాగం ఈ సర్దుబాటే.

గేరుబండి
హిమాలయన్ 411 నుంచి 450కి మారినవాళ్లు చెప్పేది కూడా ఇప్పుడు అర్థమైంది. 411 బోర్ 78, స్ట్రోక్ 86. 450కి వచ్చేసరికి 84, 81.5. టార్క్ 32 నుంచి 40కి పెరిగింది, కానీ శిఖరం 5500కి జరిగింది. మాస్టారూ, గడ్డపార మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆటోనగర్_బాషా
చరణ్ తమ్ముడూ, మీ ఫ్రెండ్‌కి నగరంలోనే ఎక్కువ తిరిగే పనైతే ఇంజన్ వైపు ఉన్న స్ప్రాకెట్ (చెయిన్ తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించమను. 15 ఉంటే 14. వెనక చక్రం దగ్గర టార్క్ 7 శాతం పెరుగుతుంది, అదే స్పీడుకి ఇంజన్ కాస్త పైన తిరుగుతుంది. ఇంజన్ ముట్టుకోనక్కర్లేదు. నీ బండికి ఏ సైలెన్సర్ ఉంది?

చరణ్_మియాపూర్
బయట కొన్న పొట్టి గొట్టం అన్నా. సౌండ్ బాగుంటుందని రెండేళ్ల కింద వేయించాను. అప్పుడే మెకానిక్ కార్బ్యురేటర్‌లో జెట్ (పెట్రోలు వదిలే చిన్న రంధ్రం) కూడా మార్చాడు.

ఆటోనగర్_బాషా
కంపెనీది ఉంటే వేసి చూడు.

చరణ్_మియాపూర్
శనివారం రెండు పనులు చేశాను.

ఒకటి, ఫ్రెండ్ బండిని అదే రోడ్డు మీద అదే ట్రాఫిక్‌లో, మూడో గేరు బదులు రెండో గేరులో ముల్లు నాలుగున్నర వేల కిందకి పోనివ్వకుండా నడిపాను. కుదుపు లేదు, ఎత్తుకోవడం నా బండి కంటే బాగుంది. తప్పు బండిది కాదు, నేను గేరు వాడిన తీరుది.

రెండు, అటక మీదున్న కంపెనీ సైలెన్సర్ దించి నా బండికి బిగించాను. మా కాలనీ లోపలి ఎత్తు దగ్గర నాలుగో గేరులోనే ఎక్కింది, ఇదివరకు మూడుకి దించేవాడిని. కానీ పైన యాభై దాటాక బరువుగా అనిపిస్తోంది, ఊపిరాడనట్టు.

ఆటోనగర్_బాషా
ప్లగ్గు విప్పి చూడు. ఏ రంగులో ఉంది?

చరణ్_మియాపూర్
ఇప్పుడే విప్పాను అన్నా. మసి పట్టి నల్లగా ఉంది, వేలికి అంటుతోంది.

ఆటోనగర్_బాషా
అనుకున్నా. పొట్టి గొట్టం కోసం పెట్టిన పెద్ద మెయిన్ జెట్ అలాగే ఉండిపోయింది. గాలి తగ్గింది, పెట్రోలు తగ్గలేదు. పాత జెట్ వేయించి, ప్లగ్గు తుడిచి, ఒక ట్యాంకు తిప్పు. ఇటుక రంగు వచ్చిందాకా ఇక్కడ రాస్తూ ఉండు.